వేడర్స్ కొంటున్నారా? పాదాల దగ్గర మొదలుపెట్టండి

చేపలవేటలాంటి పనులకి నీళ్లలో దిగేటప్పుడు పాదాల నుంచి పైకి వేసుకునే, నీళ్లు చొరబడని తొడుగులే వేడర్స్. నా మొదటి వేడర్స్ కారుతున్నాయని రెండు నెలల పాటు గట్టిగా నమ్మాను. నీళ్లలో నాలుగు గంటలు నిలబడి, ఒడ్డెక్కి విప్పితే లోపలి ప్యాంటు తడిసి ఉండేది, సాక్సులు పిండితే నీళ్లు కారేవి. కుట్టు కుట్టూ వెతికాను, కనబడిన చోటల్లా జిగురు పూశాను, అమ్మినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను. చివరికి ఒకరోజు ఒక్కో కాలిలో మోకాలి దాకా నీళ్లు పోసి, బాత్రూములో వేలాడదీసి, కింద పొడి గుడ్డ పరిచి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే గుడ్డ పొడిగానే ఉంది. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న తడంతా నా చెమటే.

అప్పుడు నేను కొన్నది మందపాటి పీవీసీ జత. చూడ్డానికి గట్టిగా ఉంది, నీళ్లు చొరబడవు, అక్కడితో నా పరిశోధన అయిపోయింది. బయటి నీళ్లని లోపలికి రానివ్వని గుడ్డ లోపలి ఆవిరిని బయటికీ పోనివ్వదన్న ఆలోచనే తట్టలేదు. ఇంకో రెండు జతలు మార్చాక ఒక సంగతి అర్థమైంది. మనం వేడర్స్‌ని పైనుంచి కిందికి చూస్తూ ఎంచుకుంటాం: ఛాతీ దాకా వస్తుందా, జేబులెన్ని, రంగు బాగుందా. నీళ్లలో దిగాక ఇబ్బంది పెట్టేవీ, అన్నిటికంటే ముందు పాడయ్యేవీ మాత్రం కింది భాగాలే. పాదం, చీలమండ, మోకాలు, గజ్జలు.

ముందు మీరు దిగే నీళ్ల సంగతి

షాపుకి వెళ్లేముందు నాలుగు విషయాలు తేల్చుకోండి. ఎక్కువగా ఎంత లోతులో నిలబడతారు? నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి? అడుగున బురదా, ఇసుకా, రాళ్లా? బండి ఆపిన చోటి నుంచి నీళ్ల దాకా ఎంత నడవాలి? ఈ ఆఖరి ప్రశ్నని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అరగంట గట్టు మీద, పొదల మధ్య నడిచేవాడికీ, బండి దిగి పది అడుగుల్లో నీళ్లలో కాలు పెట్టేవాడికీ ఒకే జత సరిపోదు.

ఎత్తు ప్రకారం వేడర్స్ మూడు రకాలు: తొడల దాకా వచ్చేవి, నడుము దాకా వచ్చేవి, ఛాతీ దాకా వచ్చేవి. మోకాలి లోతు దాటని వాగులకీ, పడవ ఎక్కి దిగడానికీ తొడల దాకా వచ్చేవి చాలు. తేలిక, చల్లన, వేసుకోవడం నిమిషం పని. కాకపోతే అంచు మీంచి ఒక్కసారి నీళ్లు పొర్లాయంటే కాలంతా కుండలా నిండుతుంది.

ఒక్క జతే కొనే ఉద్దేశం ఉంటే ఛాతీ దాకా వచ్చేవే కొనమంటాను. ఉక్కగా ఉన్నప్పుడు పైభాగాన్ని నడుము దాకా మడిచి బెల్టు పెట్టుకోవచ్చు, చాలా మోడళ్లలో అందుకు వీలుగా పట్టీలు కూడా ఉంటాయి. పైగా లోతు విషయంలో మన కళ్లు మోసపోతాయి. కాంతి వంగడం వల్ల, నేరుగా కిందికి చూసినప్పుడు నాలుగడుగుల నీళ్లు మూడడుగులే అనిపిస్తాయి. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. తొడల లోతే కదా అని దిగినవాడు నడుము లోతులో తేలడం వింతేం కాదు.

గుడ్డ ఎంపిక

మార్కెట్లో ప్రధానంగా కనబడేవి పీవీసీ లేదా నైలాన్, రబ్బరు, నియోప్రీన్, బ్రీదబుల్ (లోపలి ఆవిరిని బయటికి పోనిచ్చే గుడ్డ).

పీవీసీ గురించి నా గోడు విన్నారు. అయినా దాన్ని తీసిపారేయను. ఏడాదికి మూడు నాలుగు సార్లు, అదీ గంటో రెండు గంటలో దిగేవాళ్లకి అది చాలు. రబ్బరువి బరువు, కానీ ముళ్లకీ బురదకీ బాగా తట్టుకుంటాయి. చేపల చెరువుల్లో రోజూ పనిచేసేవాళ్లు వాటినే ఇష్టపడితే అందులో అర్థముంది.

నియోప్రీన్ అంటే లోపల సన్నటి గాలి బుడగలున్న కృత్రిమ రబ్బరు. ఆ బుడగలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతాయి. వేడర్స్‌లో సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది. మంచులాంటి నీళ్లలో కదలకుండా గంటల తరబడి నిలబడే పనికి దీన్ని మించింది లేదు. సాగుతుంది, ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది, చిన్నచిన్న గీతలకి జంకదు. కానీ నడక మొదలుపెట్టారంటే పది నిమిషాల్లో ఆవిరి పట్టినట్టు ఉడికిపోతారు.

బ్రీదబుల్ రకం ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. 1969లో బాబ్ గోర్ అనే అమెరికన్ ఇంజనీరు టెఫ్లాన్ జాతి పదార్థాన్ని ఒక్కసారిగా సాగదీసి, కంటికి కనబడనంత సన్నటి రంధ్రాలున్న పొరని తయారుచేశాడు. గోర్-టెక్స్ అనే గుడ్డ పుట్టింది దాంతోనే. ఆ రంధ్రాల్లోంచి నీటి బొట్టు దూరలేదు, నీటి ఆవిరి మాత్రం బయటికి పోగలదు. ఇప్పుడు వేరే కంపెనీల పొరలూ ఉన్నాయి. కొన్నిట్లో అసలు రంధ్రాలే ఉండవు, పాలీయురేతేన్ పొర తేమని పీల్చుకుని అవతలికి పంపేస్తుంది. ఏదైనా సరే, ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కంటే బయట చల్లగా, పొడిగా ఉండాలి. బాగా ఉక్కగా ఉన్న రోజున ఎంత ఖరీదైన జత వేసుకున్నా కొంత చెమట లోపలే మిగులుతుంది.

బ్రీదబుల్‌కి సొంతంగా వెచ్చదనం ఉండదు. అది వట్టి తొడుగు. చలికి లోపల ఉన్ని బట్టలో, పాలియెస్టర్ ఫ్లీస్ ప్యాంటో వేసుకోవాలి. ఇదే దాని సుఖం కూడా: ఒకే జతని చలికాలం రెండు పొరల మీద, ఎండాకాలం పల్చటి ప్యాంటు మీద వాడుకోవచ్చు. లోపల నూలు బట్ట మాత్రం వద్దు. ముఖ్యంగా జీన్స్. చెమటని పీల్చుకుని అలాగే ఉండిపోతుంది, తడి బట్టతో చల్లటి నీళ్లలో నిలబడ్డట్టే అవుతుంది.

మీకు నడక ఎక్కువా, వాతావరణం మారుతూ ఉంటుందా, అయితే బ్రీదబుల్ తీసుకోండి. లేబుల్ మీద మూడు పొరలు, నాలుగు పొరలు, ఐదు పొరలు అని రాసి ఉంటుంది. అన్ని చోట్లా ఐదు పొరలుంటే బరువెక్కుతుంది. తొడల నుంచి కిందికి, కూర్చునే చోట ఎక్కువ పొరలు, పైన తక్కువ పొరలు ఉన్నవి నాకు నచ్చుతాయి. ఒరిపిడి ఉండేది అక్కడే కదా.

పాదాలు

ఇక్కడ తొందరపడకండి. రోజంతా బాగా గడవడం, గడవకపోవడం పాదాల దగ్గరే తేలిపోతుంది.

బూట్‌ఫుట్ రకంలో బూటు వేడర్స్‌కే అతికి ఉంటుంది. కాలు దూర్చి లాగితే అయిపోయింది. తాళ్లు కట్టే పని లేదు, లోపల కాస్త గాలి ఉంటుంది కాబట్టి చలికి పాదం వెచ్చగా ఉంటుంది, ఇసుక దూరదు. బురద అడుగుకీ, సముద్రపు ఒడ్డుకీ, పడవకీ ఇదే మేలు. లోటు ఏమిటంటే చీలమండకి పట్టు ఉండదు. లోతైన బురదలో కాలు పైకి లాగితే పాదం బూటులోనే జారుతుంది.

స్టాకింగ్‌ఫుట్ రకంలో కింద నియోప్రీన్ సాక్సు ఉంటుంది, దాని మీద విడిగా వేడింగ్ బూట్లు వేసుకోవాలి. రాళ్ల మీద నడిచేవాళ్లకి, దూరం నడిచేవాళ్లకి ఇదే సరైనది. చీలమండని తాళ్లతో బిగించుకోవచ్చు, బూటు అరిగితే బూటొక్కటే మార్చుకోవచ్చు. కొనేటప్పుడు నియోప్రీన్ సాక్సు కుడి ఎడమలకి వేర్వేరుగా, పాదం ఆకారంలో కుట్టి ఉందా చూడండి. రెండు కాళ్లకీ ఒకేలా సంచీలా ఉన్నదైతే వేళ్ల దగ్గర గుడ్డ మడత పడుతుంది. ఆ మడత బూటులో రోజంతా ఒరుసుకుంటూ ఉంటే ముందు మీ వేలు కందుతుంది, తర్వాత సరిగ్గా ఆ మడత మీదే చిల్లు పడుతుంది.

సాక్సుకి పైన, బూటు అంచు మీదికి దిగే పట్టీ ఒకటి ఉంటుంది. గ్రావెల్ గార్డ్ అంటారు. దానికి బూటు తాడుకి తగిలించే కొక్కెం ఉంటే మంచిది. గులకరాయి ఒక్కటి బూటులోకి దూరిందంటే గరుకు కాగితంతో రుద్దినట్టు నియోప్రీన్‌ని తినేస్తుంది.

బూట్ల సైజు మామూలు చెప్పుల సైజుతో తేల్చకండి. ఉన్ని సాక్సు, దాని మీద వేడర్స్ సాక్సు తొడిగాకే బూటు వేసి చూడండి. చాలామందికి ఒక సైజు పెద్దది కావాల్సి వస్తుంది. వేళ్లు ఆడించగలగాలి. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడదు, ఎన్ని సాక్సులు వేసినా పాదం చల్లబడుతుంది. చలేస్తోందని ఇంకో సాక్సు తొడిగితే ఇంకా చల్లబడుతుంది. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అదొకటి.

ఇక అడుగుభాగం. నాచు పట్టిన రాళ్ల మీద ఫెల్ట్ (పోగుల్ని ఒత్తి చేసిన దళసరి గుడ్డ) సోల్ బాగా పట్టు ఇస్తుంది. కానీ బురద గట్టు మీద, మంచు మీద జారుతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. ఆ తడిలో ఒక నదిలోని సూక్ష్మజీవులు ఇంకో నదికి ప్రయాణం చేస్తాయి. న్యూజీలాండ్‌లో 2004లో డిడిమో అనే నాచు ఒక నదిలో బయటపడింది. రాళ్లని మురికి దూదిలా కప్పేసే రకం అది. దాని వ్యాప్తిని ఆపడానికి 2008లో అక్కడ ఫెల్ట్ సోళ్లని నిషేధించారు. అమెరికాలో అలాస్కా కూడా 2012లో మంచినీటి చేపలవేటలో ఫెల్ట్‌ని నిషేధించింది. అందుకే మీరు వెళ్లే చోట నిబంధన ఏమిటో తెలుసుకోకుండా ఫెల్ట్ కొనకండి. రబ్బరు సోల్‌కి లోహపు స్టడ్స్ (పొట్టి మేకుల్లాంటివి) బిగించుకుంటే రాళ్ల మీద పట్టు బాగా పెరుగుతుంది, గట్టు మీదా నడవొచ్చు. పడవలో మాత్రం స్టడ్స్‌తో అడుగు పెట్టకండి. పడవవాడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

కొలతలు, ఆ తర్వాత గొంతుక్కూర్చోవడం

మూడు కొలతలు తీసుకోండి. గజ్జల నుంచి నేల దాకా కాలి లోపలివైపు పొడవు. ఛాతీ, పొట్ట, పిరుదులు మూడిట్లో ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడి చుట్టుకొలత. పాదం పొడవు. కొలిచేటప్పుడు చలికాలంలో వేసుకునే మందపాటి బట్టలు ఒంటి మీద ఉండాలి. ఆ తర్వాత కంపెనీవాళ్ల సైజు పట్టికలో చూసుకోండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ కావొచ్చు. పొట్టిగా లావుగా ఉన్నవాళ్లకీ, పొడుగ్గా సన్నగా ఉన్నవాళ్లకీ విడి సైజులుంటాయి. ఆడవాళ్లకి వేరే కొలతలతో కుట్టినవి ఉన్నాయి. మగవాళ్ల చిన్న సైజుతో సర్దుకోమని ఎవరైనా చెబితే వినకండి, నడుము దగ్గర వదులూ తుంటి దగ్గర బిగుతూ అయి కూర్చుంటుంది.

వేసుకున్నాక అద్దంలో చూసుకోవడం దండగ. గొంతుక్కూర్చోండి. పూర్తిగా, మడమలకి పిరుదులు తగిలేలా. సస్పెండర్లు, అంటే భుజాల మీదుగా వచ్చే పట్టీలు, భుజాల్ని కిందికి లాగుతున్నాయా? గజ్జల దగ్గర గుడ్డ బిర్రుగా సాగుతోందా? మోకాలి దగ్గర పట్టేస్తోందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా ఆ జత పక్కన పెట్టేయండి. గజ్జల దగ్గర నాలుగు కుట్లు ఒకచోట కలుస్తాయి. గట్టు ఎక్కిన ప్రతిసారీ, చేపని వదలడానికి వంగిన ప్రతిసారీ ఆ లాగుడంతా ఆ కూడలి మీదే పడుతుంది. నా రెండో జత సరిగ్గా అక్కడే వదిలింది. ఒక సైజు చిన్నది, తగ్గింపులో వచ్చిందని కొన్నాను.

తర్వాత ఒక కాలు కుర్చీ మీద పెట్టి పైకెక్కండి. ఏటి గట్టు ఎక్కేది అలాగే. చేతులు రెండూ పైకెత్తండి, గాలం విసిరినట్టు భుజం తిప్పండి. ఐదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. తొడల మధ్య గుడ్డ గుడ్డకి రాసుకుని చప్పుడవుతోందంటే మరీ వదులు. వదులు గుడ్డ ప్రవాహంలో తెరచాపలా పట్టుకుంటుంది, రాసుకున్న చోట తొందరగా అరుగుతుంది.

కొత్తగా వాడేవాళ్లకి ఇంకో మాట. నీళ్లలో దిగగానే గుడ్డ కాళ్లకి చల్లగా అతుక్కుంటుంది. లోపలికి నీళ్లొచ్చాయని గుండె జారుతుంది. రాలేదు. నీటి ఒత్తిడికి లోపలి గాలి పైకి పోయి గుడ్డ చర్మానికి ఆనుకుంది, అంతే.

మన్నిక ఎక్కడ చూడాలి

షాపులో లోపలి వైపు తిప్పి చూడండి. మొహమాటం వద్దు. కుట్ల మీద అంటించిన టేపు బుడగలు లేకుండా, అంచులు లేవకుండా ఉందా? గోటితో మెల్లగా అంచు తట్టండి. టేపు లేస్తే ఆ జతకి ఆయుష్షు లేనట్టే. కాలి లోపలివైపు పొడుగునా కుట్టు ఉంటే నడిచినప్పుడల్లా రెండు కుట్లూ ఒకదానికొకటి రాసుకుంటాయి. కుట్టు ముందుకో వెనక్కో జరిపి కుట్టినవి ఎక్కువ కాలం వస్తాయి. మోకాలి మీదా, పిర్రల దగ్గరా రెండో పొర ఉండాలి. మోకాలు ముందే కాస్త వంపుగా కత్తిరించి ఉంటే ఇంకా మంచిది. నియోప్రీన్ సాక్సు కాలి గుడ్డతో కలిసే చోటుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూడండి. నేను చూసిన లీకుల్లో ఎక్కువ గజ్జల దగ్గరో, ఇదిగో ఈ అతుకు దగ్గరో ఉన్నవే.

ముందువైపు నీరు చొరని జిప్ ఉంటే వేసుకోవడం, విప్పడం, మూత్రానికి వెళ్లడం అన్నీ సులువు. ఒకసారి అలవాటైతే వదల్లేరు. కానీ బరువు, ధర పెరుగుతాయి. జిప్ పళ్లలో ఇసుక పడకుండా చూసుకోవాలి, అప్పుడప్పుడు దానికి సరిపడే లూబ్రికెంట్ రాయాలి. ఇలాంటి సేవలు చేసే ఓపిక లేకపోతే జిప్ లేనిదే కొనండి.

జేబుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చేతులు పెట్టుకోవడానికి ఒకటి, ఫోన్‌కి లోపల ఒకటి చాలు. వారంటీ కంటే ముఖ్యంగా అడగాల్సింది, చిల్లు పడితే కంపెనీ రిపేరు చేస్తుందా, మరమ్మతు కిట్ జతతో ఇస్తుందా అని.

బెల్టు లేకుండా దిగొద్దు

వేడర్స్‌లోకి నీళ్లు నిండితే రాయిలా మునిగిపోతామని చాలామంది భయం. నీళ్లలో ఉన్నంతసేపు లోపలి నీళ్లు మిమ్మల్ని కిందికి లాగవు. ఇబ్బంది వేరే ఉంది: ఈదడానికి కాళ్లు ఆడవు, ప్రవాహం బలంగా పట్టుకుంటుంది, ఒడ్డెక్కబోతే అప్పుడు ఆ బరువంతా ఒక్కసారిగా తెలుస్తుంది. నడుముకి బెల్టు గట్టిగా బిగించి ఉంటే లోపలికి వచ్చే నీళ్లు బాగా తగ్గుతాయి, కాళ్లలో కొంత గాలి నిలుస్తుంది. జతతో వచ్చే బెల్టు సన్నటి తాడులా ఉంటే వెడల్పైనది విడిగా కొనుక్కోండి. ప్రవాహం ఉన్నచోట చేతికర్ర, లైఫ్ జాకెట్ కూడా ఉండాలి. పడిపోతే వెల్లకిలా తిరిగి, పాదాలు ప్రవాహం పోయే వైపు ఉంచి, చేతులతో ఒడ్డువైపు జరగండి. వడిగా పారే నీళ్లలో లేచి నిలబడబోతే పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది.

కొన్న తర్వాత

మొదటిసారి దగ్గరి చోట, తక్కువ లోతులో అరగంట దిగి చూడండి. ఏదైనా తేడా ఉంటే వాపసు ఇచ్చే గడువులోనే తెలిసిపోతుంది. వేసుకునేటప్పుడు, విప్పేటప్పుడు కింద చిన్న పట్టా పరుచుకోండి. నీళ్లలో కంటే గట్టు మీదే ఎక్కువ జతలు పాడవుతాయి: ముళ్లకంచె దాటబోయి, గరుకు రాతి మీద కూర్చుని, గులకరాళ్ల మీద మోకాళ్లూని, ఒక కాలితో రెండో మడమ తొక్కి లాగి.

బ్రీదబుల్ గుడ్డ మీద నీటి బొట్లు ముత్యాల్లా జారకుండా పీల్చుకుపోతున్నాయంటే పైపూత తగ్గిందన్నమాట. అప్పుడు లోపలి చెమట బయటికి పోదు, కారుతున్నట్టే ఉంటుంది. లేబుల్ మీద చెప్పినట్టు, ఇలాంటి గుడ్డల కోసం ఉన్న సబ్బుతోనే కడిగి, నీటిని తోసేసే పూత మళ్లీ పట్టించండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి.

సూదిమొనంత చిల్లు వెతకడానికి మంచి ఉపాయం ఒకటుంది. చాలా బ్రీదబుల్ రకాల్లో, ఆరిన జతని లోపలి వైపు తిప్పి, అనుమానం ఉన్న చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే చేస్తే చిల్లు ఉన్నచోట ముదురు చుక్క తేలుతుంది. పెన్నుతో చుట్టూ గీసి, ఆరాక రిపేరు జిగురు పల్చగా పూయండి. ఆల్కహాల్ తొందరగా అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, మంటకి దూరంగా చేయండి. నియోప్రీన్‌కి ఇది పనిచేయదు. దానికి చీకటి గదిలో లోపల టార్చి పెట్టి చూడటమో, నేను చేసినట్టు నీళ్లు పోయడమో.

వేరే నదికి వెళ్లేముందు బురద, ఆకులు దులిపి కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ముట్టుకుంటే పొడిగా అనిపించాక ఇంకో 48 గంటలు ఆరబెట్టమని న్యూజీలాండ్ అధికారుల సూచన. ఎండలో వేయకండి, రబ్బరు, నియోప్రీన్ రెండూ పెళుసెక్కుతాయి. నీడలో, గాలి ఆడేచోట ముందు లోపలి వైపు ఆరనిచ్చి తర్వాత తిప్పండి. నియోప్రీన్ సాక్సు అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది. పెట్టెలో పెట్టేముందు చెయ్యి లోపలికి పోనిచ్చి వేళ్ల కొసల దాకా తడిమి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు, మరో రాత్రి వేలాడనివ్వండి.